సోఫా కవరు మృగం

ఆదివారం పొద్దుటికి పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుతూనే చిత్తడి నేలకి వెళ్ళడం, జపం కొంగని ఒక్క ఫోటో తీయడం, కాళ్ళు కడుక్కుని చెక్కబాట ఎక్కేయడం, ఆ తరువాత వచ్చే పక్షుల్ని చూసే నడక సంఘంవాళ్ళకి ఏమీ ఎరగనట్టు నమస్కారం పెట్టడం.

జపం కొంగ అన్నది సంఘంవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు. మనుషుల అలికిడి వినబడితే చాలు, ఆ పక్షి ముక్కు ఆకాశంవైపు ఎత్తి, రెల్లులో రెల్లై నిలబడిపోతుంది. చిత్తడి మీదుగా వేసిన చెక్కబాట మీదనుంచి చూసేవాళ్ళకి అది చచ్చినా కనబడదు. చిక్కంతా అక్కడే ఉంది.

బాట దిగకూడదన్న నియమం పెట్టించింది డాక్టరుగారే. దిగితే గూళ్ళు తొక్కేస్తామన్నారు, అందులో న్యాయం ఉంది. ఆయన అక్కడితో ఆగితే బాగుండేది. "ఎవరైనా సరే, ఏ కారణానికైనా సరే, పాదం కింద పెడితే సభ్యత్వం రద్దు" అని తీర్మానం చేయించారు. కిందటేడు లెన్సు మూత జారిపడితే అందుకోవడానికి ఒంటికాలు దించిన సొంత బావమరిదిని ఆ నియమం కిందే సాగనంపారు. కళ్ళద్దాల షాపు నడుపుకునే ఆ బావమరిది నొచ్చుకున్నాడు. అతని అక్క, అంటే డాక్టరుగారి భార్య, అంతకన్నా నొచ్చుకుంది. చాలా రోజులు ఆవిడ చెప్పదలచుకున్నదంతా గోడకే చెప్పింది.

అంతటి మనిషిని ఇవాళ నడక అయ్యాక సంఘానికి అధ్యక్షుణ్ణి చేయబోతున్నారు. దిగిపోతున్న అధ్యక్షురాలు రిటైరైన హెడ్మిస్ట్రెస్‌గారు. ఆయన పేరు తానే చెబుతానని మాట ఇస్తూ, "అన్నీ బాగున్నాయి గానీ డాక్టరుగారూ, అధ్యక్షుడి దగ్గర జపం కొంగ ఫోటో ఒక్కటైనా లేకపోతే ఏం బావుంటుంది చెప్పండి" అన్నారు. ఆ మాట ఆయన మనసులో పిప్పిపన్నులా సలుపుతూనే ఉంది.

భార్యకి టైలరింగ్ షాపు ఉంది. "కెమెరా స్టాండు మీద కప్పడానికి ఏదైనా కుట్టిపెట్టు, రెల్లులా కనబడాలి" అని అడిగితే, ఆవిడ పాత సోఫా కవరుకి నిలువునా పేలికలు కుట్టి ఇచ్చింది.

"స్టాండు ఇంత లావుంటుందా?" అని అడిగింది కొలత చూసి.

"ముందుముందు కొనబోయేది ఉంటుంది" అన్నారాయన.

అలా ఆ ఆదివారం సోఫా కవరు కప్పుకుని రెల్లులోకి దిగారు. మోగితే పక్షి లేచిపోతుందని ఫోను ఆపేశారు. మబ్బు పట్టింది కాబట్టి తొందరగా బయల్దేరుతున్నామని హెడ్మిస్ట్రెస్‌గారు పెట్టిన మెసేజీ అందుకే ఆయనకి చేరలేదు. బురద మోకాళ్ళదాకా పట్టేసింది. ఒక బూటు లోపలే ఉండిపోయింది. దాన్ని కాలి వేళ్ళతో వెతుక్కుంటుండగా బాట మీద చెక్కలు కిర్రుమన్నాయి.

డాక్టరుగారికి పై ప్రాణాలు పైనే పోయాయి. చటుక్కున ముసుగు లాక్కుని కూలబడ్డారు. కదలకుండా ఉంటే చూడకుండా పోతారని ఆశ. కొంగకి పనికొచ్చిన ఉపాయం తనకెందుకు పనికిరాదని ఆయన లెక్క.

"ఆ దుబ్బు పక్కన ఏమిటది?" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

సంఘంలో పశువుల డాక్టరు ఒకాయన ఉన్నారు. జంతువుల సంగతి వస్తే అందరూ ఆయన మొహమే చూస్తారు. ఆయన బైనాక్యులర్స్ పెట్టుకుని చూసి, నోరు తెరిచి, మూయడం మరిచిపోయారు.

"ఊపిరి తీస్తోంది" అన్నారు చివరికి.

అందరూ ఫోటోలు తీయడం మొదలెట్టారు.

"ఏమిటండీ అది?"

"ఎలుగుబంటి అందామంటే రంగు కలవట్లేదు" అన్నారు పశువుల డాక్టరు. తెలియదని ఒప్పుకోవడం ఆయనకి అలవాటు లేదు. "ఏదైతేనేం, రోగం తగిలింది. బొచ్చు చూడండి, ఎలా పేలికలై ఊడుతోందో."

అంతలో ముసుగులోంచి తుమ్ము వచ్చింది.

"జలుబు కూడా చేసింది పాపం. నా వ్యానులో మత్తు సూది ఉంది. గేదెకిచ్చే మోతాదు ఇచ్చేస్తే పడి ఉంటుంది" అంటూ ఆయన వ్యాను దగ్గరికి నడిచారు.

డాక్టరుగారు రోజూ ఎందరికో చిగుళ్ళలో సూది గుచ్చుతూ "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని చెబుతారు. ఆ మాటలో నిజమెంతో మొదటిసారి ఆలోచించారు.

సరిగ్గా అప్పుడే ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని భార్య వచ్చింది. మొగుడు అధ్యక్షుడవుతుంటే కళ్ళారా చూద్దామని ఆవిడ కోరిక. తోడుగా తమ్ముడు కెమెరా, స్టాండు భుజాన వేసుకుని వచ్చాడు. సభ్యుడు కాకపోయినా బాట మీద నడవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అందరూ చూస్తున్నవైపు ఆవిడా చూసింది.

"అది మా సోఫా కవరండీ" అంది.

అందరూ ఒకసారి దుబ్బువైపు, ఒకసారి ఆవిడవైపు చూశారు.

"డాక్టరుగారేరమ్మా?" అని అడిగారు హెడ్మిస్ట్రెస్‌గారు.

"మీరొచ్చేలోపు బాట మీద ఆకులు ఊడ్చి ఉంచుతానని చీకటితోనే వచ్చేశారే." ఆవిడ ఫోను చేసింది. స్విచ్చాఫ్.

"ఆ కవరు కింద ఉన్నది ఆయనే అయ్యుండొచ్చుగా" అంటూ సూదితో తిరిగొచ్చారు పశువుల డాక్టరు.

"ఆయన బాట దిగరండీ" అంది భార్య. "ఇంట్లో తడిగుడ్డ పెడితే నేల ఆరేదాకా మంచం దిగరు."

అది నిజమేనని అందరూ తలలూపారు. ఊపాక, మిగిలిన అర్థం ఒక్కటేనని అందరికీ ఒకేసారి తట్టింది.

"పొట్ట చూడండి. ఇప్పుడే తిన్నట్టుంది" అన్నారు పశువుల డాక్టరు, గొంతు తగ్గించి.

భార్య చేతిలోంచి ఫ్లాస్కు జారిపోయింది. హెడ్మిస్ట్రెస్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అది మీదపడ్డప్పుడు కిందకి దూకి పారిపోవచ్చు. దూకి ఉండరు. ప్రాణం పోతున్నా బాట దిగి ఉండరు. అంత నిక్కచ్చి మనిషిని నేను చూడలేదు" అన్నారు.

ముసుగులో డాక్టరుగారికి కన్నీళ్ళు ఆగలేదు. అధ్యక్ష పదవి కన్నా పెద్ద మాట అది. బతికి బయటికొచ్చి దాన్ని పాడుచేసుకోవడానికి మనసొప్పలేదు.

కానీ భార్య ఏడుపు వినబడింది. "ఆ మృగానికి సరిపోయేలా నా చేత్తో నేనే కుట్టిచ్చానే. స్టాండు అంత లావేమిటని అప్పుడే గట్టిగా అడగాల్సింది" అని ఆవిడ వెక్కుతుంటే ఆయన గుండె తరుక్కుపోయింది. పరువు పోతే పోయింది, లేచిపోదామనుకున్నారు. కాళ్ళు బురదలోంచి ఊడిరాలేదు. అరవబోతే తడిసిన పేలిక నోట్లోకి పోయి, పెద్ద గుర్రుమన్న చప్పుడొకటి బయటికొచ్చింది.

ఆ చప్పుడుకి బావమరిది కెమెరా అక్క చేతిలో పెట్టి స్టాండు పైకెత్తాడు. "నా సభ్యత్వం ఎప్పుడో పోయింది. నాకు పోయేదేముంది" అని బురదలోకి దూకాడు. వెళ్ళగొట్టించుకున్నవాడే దూకితే మిగిలినవాళ్ళు బాట మీద నిలబడి చూడటం ఏం మర్యాద. పశువుల డాక్టరు సూదితో దూకారు. హెడ్మిస్ట్రెస్‌గారు గొడుగుతో దిగారు. మొత్తం సంఘం దిగింది.

స్టాండు వీపు మీద పడగానే నోట్లో పేలిక ఊడిపోయింది.

"ఒరేయ్, కొట్టకురా. నేనురా."

బావమరిది చెయ్యి గాల్లో ఆగిపోయింది. "బావగారూ, లోపల బతికే ఉన్నారా? కంగారుపడకండి, పొట్ట కోయించి తీయించేస్తాను."

"కోయకురా బాబూ, కవరు లాగు."

లాగాడు. బురద మొహంతో, ఒంటి బూటుతో డాక్టరుగారు బయటపడ్డారు. జంతువుని చూసినప్పటి ఆశ్చర్యం ఆయన్ని చూసినప్పటి ఆశ్చర్యం ముందు ఏ మూలకీ రాలేదు. మొదట అందరూ ఆయన కాళ్ళ కింద నేల చూశారు. తరువాత ఎవరి కాళ్ళ కింద నేల వాళ్ళు చూసుకున్నారు.

"ఎవరైనా సరే, ఏ కారణానికైనా సరే" అని నెమ్మదిగా చదివినట్టు అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. "మన సంఘంలో ఇప్పుడెవరూ లేరండీ."

పైన క్లిక్కుమంది. డాక్టరుగారి భార్య కళ్ళు తుడుచుకుని, తమ్ముడి కెమెరాతో బాట మీదనుంచి ఫోటో తీస్తోంది.

"అమ్మా, అధ్యక్షురాలిగా చేరతావా? పొడిగా ఉన్నది నువ్వొక్కదానివే" అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు.

"చేరతాను. ముందు మా తమ్ముణ్ణి వెనక్కి తీసుకోవాలి."

"మరి నేను?" అన్నారు డాక్టరుగారు బురదలోంచి.

"ముందు ఆ కవరు ఉతికి ఆరేయండి. ఆరాక చూద్దాం."

ఆవిడ తీసిన ఫోటో ఇప్పుడు సంఘం గదిలో గోడకుంది. అందులో సంఘం మొత్తం మోకాటిలోతు బురదలో నిలబడి ఒక సోఫా కవరుని చూస్తోంది. ఆ గోలకి రెల్లులోంచి బయటికొచ్చిన జపం కొంగ, ఫోటో అంచున, ముక్కు పైకెత్తి బాట మీద నిలబడి ఉంది. ఫోటోలో పడ్డవాళ్ళందరిలోకీ నియమం పాటించినది అదొక్కటే.