తెరుచుకోని తాళానికి సన్మానం

ఆసుపత్రిలో పదకొండు రోజులుగా ఏ ఒక్క రోగి రహస్యమూ బయటికి పొక్కలేదని డైరెక్టరు గారు నోటీసు బోర్డు ద్వారా సంతోషంగా తెలియజేశారు. డాక్టర్లకు కూడా పొక్కలేదన్న సంగతిని వినయం కొద్దీ అందులో చేర్చలేదు.

రికార్డుల విభాగంలో కంప్యూటర్లు చూసే ఉద్యోగినికి ఈ విజయం ఎలా వచ్చిందో తెలుసు. రోగుల వివరాలకు తాళం వేసే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. బయటి నుంచి వచ్చే ప్రతి ఉత్తరం వెంటా ఒక తాళంచెవి వస్తుంది. దాన్ని పరీక్షించి గాని సాఫ్ట్‌వేర్ మరో పని ముట్టుకోదు. పదకొండు రోజుల కిందట ఎవరో వంకర తాళంచెవితో ఓ ఉత్తరం పంపారు. సాఫ్ట్‌వేర్ దాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. ఇంకా పరీక్షిస్తూనే ఉంది. ఆపి మళ్లీ నడిపితే, వరసలో ముందున్నది కనుక, మళ్లీ ఆ ఉత్తరాన్నే పట్టుకుంటోంది.

ఈ లోపం గురించి తయారీదారులు నెల ముందే హెచ్చరిక పంపారు. మరమ్మతు కూడా జతచేశారు. భద్రతకు సంబంధించిన కాగితం ఏదైనా తాళంలోనే ఉండాలని ఆసుపత్రి నిబంధన. అందుకని ఆమే స్వయంగా దానికి తాళం వేసి భద్రతా సంఘానికి పంపింది. సంఘం సమావేశమయ్యే నాటికి తాళం తెరుచుకోవడం మానేసింది. మరో ప్రతి పంపమని తయారీదారులను అడగాలన్నా, అడిగే ఉత్తరానికి తాళం పడాలి. తొందరపాటు పనికిరాదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

అంతా సజావుగానే సాగిపోయేది. కాకపోతే ఆమె నాన్న మూడో అంతస్తులో గుండె ఆపరేషన్ కోసం పడుకుని ఉన్నాడు. స్కాను, రక్తపరీక్షలు, ఒంటికి పడని మందుల జాబితా అన్నీ తాళంలో ఉన్నాయి. మళ్లీ పరీక్షలు చేస్తే ఆ ఫలితాలూ అక్కడికే వెళతాయి. అవి చూడకుండా కత్తి పట్టనని, ఈ సాయంత్రం దాటితే పట్టి లాభం లేదని సర్జన్ తేల్చి చెప్పేశారు.

ఆమె డైరెక్టరు గదికి వెళ్లింది. ఆ వంకర ఉత్తరాన్ని తీసేస్తే చాలని చెప్పింది.

"చదవని ఉత్తరం తీసేయకూడదని రూలుంది కదమ్మా. చదివి తీసెయ్."

"చదవాలంటే తెరుచుకోవాలి సార్."

"తెరుచుకున్నాకే చదువు, కంగారేముంది? మీ నాన్నగారి రిపోర్టు ఎంత భద్రంగా ఉందో ఆలోచించావా? కన్నకూతురివి, నీకే కనబడటం లేదు."

ఆమె ఆలోచించింది. తన కుర్చీలోకి వచ్చి, ఉత్తరాన్ని చదవకుండానే తీసేసింది. నాలుగు సెకన్లలో తాళాలన్నీ తెరుచుకున్నాయి. సాయంత్రంలోపు ఆపరేషన్ ముగిసింది. అంతకంటే ముందే ఆమె చేతికి సస్పెన్షన్ కాగితం అందింది. అది మాత్రం తాళం లేకుండా వచ్చింది.

రెండు నెలల్లో ఆసుపత్రికి ఉత్తమ భద్రతా పురస్కారం ప్రకటించారు. సభలో డైరెక్టరు గారు శాలువా సర్దుకుని, "పదకొండు రోజులు మేము సైతం చూడలేకపోయామని సగర్వంగా మనవి చేస్తున్నాను," అన్నారు. ఆ పదకొండు రోజుల్లో ఆపరేషన్లు వాయిదా పడినవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కూతురి భుజం పట్టుకుని నాన్న కూడా లేచాడు. కుట్లు వేసిన చోట లాగుతున్నా చప్పట్లు ఆపలేదు.

కూర్చున్నాక ఆమె వైపు వంగాడు.

"అంత మంచి తాళాన్ని పాడుచేశావట. ఉద్యోగం పోదూ మరి?"