మరిడమ్మ పడవ

పెద్దిరాజు కొత్తగా కొన్న ప్రయాణికుల పడవకి తల్లి పేరు పెట్టుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. ఆవిడ పేరు మరిడమ్మ కావడమే వచ్చిన చిక్కు. పడవ పక్కన జానెడేసి అక్షరాలతో ఆ పేరు రాయించి, రేవు వచ్చినప్పుడల్లా సరంగు రాముడు బూరా ఊది, "మరిడమ్మ వచ్చిందహో" అని కేకెయ్యాలని కట్టడి కూడా చేశాడు. అది కలరా తిరుగుతున్న వేసవి అని గానీ, మరిడమ్మ ఆ జాడ్యానికి అధిదేవత అని గానీ ఆ సంబరంలో అతనికి తోచలేదు. పుట్టిన దగ్గర్నుంచీ అతనికి మరిడమ్మంటే అమ్మే.

మొదటి ప్రయాణం కొడుకు అబ్బులు పెళ్ళికే. తెల్లవారుతూనే నిడదవోలు కాలవ రేవులో మరిడమ్మతో సహా మగపెళ్ళివారు ఎక్కారు. దారిలో చుట్టాల్ని ఎక్కించుకుని, మధ్యాహ్నానికి పెళ్ళికూతురి ఊరు చేరాలి. సాయంత్రం ముహూర్తం. ఈలోగా వియ్యంకుడు బుల్లియ్యకి పడవ చూపించి మీసం మెలెయ్యాలని పెద్దిరాజు ఉబలాటం.

మొదటి రేవులో రాముడు కేకెయ్యగానే ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చింది. చుట్టాలు మాత్రం కనబడలేదు. డప్పులు మోగాయి. అమ్మవారు వస్తే వేపమండలు, చీర, కోడి సమర్పించి పొలిమేర దాటించడం ఆ ఊళ్ళ ఆనవాయితీ. ఆపై సంగతి పక్క ఊరు చూసుకుంటుంది. పడవ ముందు భాగంలో ఎర్రచీర కట్టుకుని కూర్చున్న ముసలావిడనీ, పక్కనే ఒళ్ళంతా పసుపుతో ఉన్న పెళ్ళికొడుకునీ చూశాక వాళ్ళకి అనుమానమే లేకపోయింది. పెద్దిరాజు లేచి చేతులూపుతూ ఎంత మొత్తుకున్నా, పూనకం వచ్చిందనుకుని అతని మీద ఓ బిందెడు పసుపునీళ్ళు పోశారు. పడవ లాగే తాడు తామే అందుకుని పొలిమేర దాకా పరుగెత్తారు.

వేపమండలతో, కోళ్ళతో వచ్చిన పడవని చూసి రెండో ఊరు మరింత హడలిపోయింది. మూడో ఊరికి కబురు ముందే చేరింది. పెళ్ళికూతురి ఊరు వచ్చేసరికి పడవలో మనుషులకన్నా కోళ్ళే ఎక్కువ. రేవులో అందరికన్నా ముందు బుల్లియ్య నిలబడి ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోయి పెద్దిరాజు కోళ్ళగంప వెనక నక్కాడు.

మరిడమ్మ ముఖం ఎరగని బుల్లియ్య, పసుపు ముద్దలైన మిగతావాళ్ళని పోల్చుకోలేక, ఆవిడకి సాష్టాంగపడ్డాడు. "తల్లీ, ఆడపిల్ల పెళ్ళెట్టుకున్నాను. మా ఊళ్ళో కాలెట్టకమ్మా" అని కన్నీళ్ళు పెట్టుకుని, తనే గెడ పుచ్చుకుని పడవని తోసేశాడు.

పొలిమేర దాటాక దిగి, కాలవనీళ్ళు పెట్టిన బురదచేల గుండా వెనక్కి నడవడం తప్ప గతి లేకపోయింది. నడవలేని తల్లిని పెద్దిరాజు వీపు మీద ఎక్కించుకున్నాడు. మేళం లేదు, తాళం లేదు. మోకాలిలోతు బురదతో విడిదింటి ముందు నిలబడ్డ పెళ్ళివారిని చూసి బుల్లియ్య బిత్తరపోయాడు.

"కొత్త పడవలో వస్తామన్నారు. ఏదండీ?"

"పడవా? మాకు పడవెక్కడిదండీ," అనేశాడు పెద్దిరాజు.

అనగానే తల్లి చేతులు అతని మెడ చుట్టూ సడలాయి. పొద్దుట పడవ మీద తన పేరుని మురిపెంగా తడిమి చూసుకున్న చేతులవి. పగలంతా పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఈ ఒక్క మాటకి పడ్డ సిగ్గు ఒక ఎత్తు. అతనికి తన నోటి మీద తనకే అసహ్యం వేసింది.

"అబద్ధమాడానండి. మీరు తోసిన పడవ మాదే. ఆ పేరు మా అమ్మది. ఈవిడే మా అమ్మ," అన్నాడు తల వంచుకుని.

బుల్లియ్య తలెత్తి ముసలావిడ ముఖం చూశాడు. ఎర్రచీర చూశాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెళ్ళి తప్పిపోతుందని ఇంట్లో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. పెద్దిరాజుకన్నా కిందికి తల వంచేసుకున్నాడు బుల్లియ్య.

మరిడమ్మ కొడుకు వీపు మీద నుంచే అంది, "బెంగెట్టుకోకండి బాబూ. కాలెట్టొద్దన్నారు. ఇంతవరకూ ఎట్టలేదు."

ముహూర్తం తప్పలేదు. పెళ్ళి జరిగిన మూడు రోజులూ ఆవిడ మాత్రం నేల మీద దిగనని భీష్మించుకుంది. పందిట్లోకీ, భోజనాలకీ వియ్యంకులిద్దరూ వంతులేసుకుని మోశారు.

వెళ్ళేటప్పుడు ఆవిడ, ఇద్దరిలోకీ బుల్లియ్య వీపే మెత్తగా ఉందని చెప్పింది.