వెర్నా గారి నాలుగింతల రాబడి

హార్లన్ క్రీక్ వృద్ధుల వైపు ఇక పన్ను అనేది తొంగి కూడా చూడదని మా శాసనసభ్యులు, గౌరవనీయ గోర్డన్ టెస్కే గారు శుక్రవారం చర్చి చేపల విందులో ప్రకటించారు. అప్పుడాయన చేతిలో వేయించిన చేపముక్క ఉంది. ప్రకటన ముగిసేదాకా దాన్ని కొరకలేదు. డెబ్బై ఏళ్లుగా విస్కాన్సిన్‌లోనే ఉంటున్నాను, అంతటి నిగ్రహం ఇంకో నాయకుడిలో చూడలేదు.

పథకం తేలికే. ఉద్యోగంలో ఉండగా మేం దాచుకున్న సొమ్ముకి ఇంకా పన్ను కట్టలేదు. తీసుకున్నప్పుడల్లా కట్టాలి. అలా కాకుండా ఇప్పుడే పన్ను పారేసి సొమ్ముని వేరే రకం ఖాతాలోకి మార్చుకుంటే ఇక చచ్చేదాకా కట్టక్కర్లేదు. రేపు పన్నులు పెరిగితే మనకు లాభం, తగ్గితే నష్టం.

"పన్నులు పెరగనివ్వనని కరపత్రాలు పంచావు కదరా గోర్డీ?" అని అడిగింది వెర్నా లిండ్‌క్విస్ట్. మా పక్కింటావిడ. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. టెస్కే గారు ఆ బస్సెక్కే బడికి వెళ్లారు.

"నేనుండగా పెరగవు వెర్నా గారూ. నేనెన్నాళ్లుంటానో మీ చేతుల్లో ఉంది."

ఇంత నిజాయితీగా జవాబు చెప్పేవాళ్లు ఈ రోజుల్లో అరుదు.

మర్నాడు వెర్నా కాఫీ కప్పు పట్టుకుని మా ఇంటికొచ్చింది. భర్త పోయాక ఆవిడకు మిగిలింది ఆ ఇల్లు, అరవై వేల డాలర్లు.

"మార్చమంటావా హోవర్డ్?"

"నువ్వెన్నేళ్లు బతుకుతావో తెలిస్తే చెప్పొచ్చట."

"గోర్డీ తొంభై నాలుగంటున్నాడు."

"వాడికెలా తెలుసు?"

"వాళ్ల నాయనమ్మ అన్నేళ్లు బతికిందట."

ఒక్కసారిగా వద్దు, ఏటా కొంచెం కొంచెం మార్చుకోమని బ్యాంకులో అమ్మాయి చెప్పింది. వెర్నా ఆ మాట టెస్కే గారి చెవిన వేసింది. "కొంచెం కొంచెంగా చేస్తే అభివృద్ధి కంటికి ఆనదండీ" అని ఆయన ఎంతో ఓపిగ్గా నచ్చజెప్పారు. డిసెంబరులోగా మొత్తం మార్చేసింది. పద్నాలుగు వేలు పన్నుకింద ఎగిరిపోయాయి. మా వీధిలో ఇంకో పదకొండుమంది ఆవిడ బాటే పట్టారు. నేను మార్చలేదు. నా దగ్గర ఉన్నదంతా పెట్టి ఎప్పుడో పడవ కొనేశాను.

మార్చిన సొమ్మంతా ఆ ఏడాది రాబడి కిందే లెక్క. వేసవికల్లా ఊరి మొదట్లో పెద్ద బోర్డు లేచింది: "టెస్కే గారి హయాంలో వృద్ధుల రాబడి నాలుగింతలు!" పక్కనే వెర్నా ఫోటో. అంతకుముందు ఏడాది ఇరవై వేలు, నిరుడు ఎనభై వేలు.

వెర్నా ఆయన ఆఫీసుకెళ్లి దులిపేసింది. "అది నా డబ్బేరా! ఈ జేబులోంచి ఆ జేబులో పడింది. మధ్యలో చిల్లొకటి."

"చిల్లు పన్నులవాళ్లదండీ. జేబు మార్చే ఆలోచన మాత్రమే నాది."

అక్టోబరులో వెర్నాకి కౌంటీ, అంటే మా జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఏటా ఇచ్చే సాయం, ఇంటిపన్నులో తగ్గింపు, రెండూ ఆపేశారు. అంత రాబడి ఉన్నవాళ్లకు అవి వర్తించవట. అయితే టెస్కే గారు ఊరుకునే మనిషి కాదు. ఎన్నికలు పదిరోజుల్లో ఉన్నా తీరిక చేసుకుని, ఫోటోగ్రాఫరుని వెంటబెట్టుకుని స్వయంగా వెర్నా ఇంటికొచ్చారు. నేనూ వెళ్లాను.

"అభినందనలు వెర్నా గారూ! మీరిక పేదవారు కాదని కౌంటీవాళ్లే సంతకం పెట్టి ఇచ్చారు. ఇంతకన్నా రుజువేం కావాలి? ఆ ఉత్తరం పట్టుకుని నా పక్కన నిలబడండి."

"హీటరు ఆపేసి వారమైంది గోర్డీ. ఉన్న డబ్బు చచ్చేదాకా రావాలి కదా."

"పొదుపు! అదీ రాయించుకుంటాను."

ఫోటోగ్రాఫరు కెమెరాలోంచి తల ఎత్తాడు. "ఆవిడని కోటు విప్పమనండి సార్. ఇంట్లో కోటేమిటి, చూసేవాళ్లకి బాగుండదు."

"నిజమే. విప్పేయండి వెర్నా గారూ" అన్నారు టెస్కే గారు చేతులు రుద్దుకుంటూ.

"ముందు నీది విప్పు" అంది వెర్నా.

టెస్కే గారు తన కోటు గుండీలు మెడదాకా పెట్టుకున్నారు.

"ఫోటో ఇలాగే తీసెయ్" అన్నారు.