ఈ ఏడాది మనల్ని విడిచిన ఫిడేలు

ఆ గురువారం పొద్దున డెర్వ్‌లాకు ఉన్న పని ఒక్కటే. ఈ ఏడాది ఐర్లండ్ సంగీత రంగంలో ఏమేం జరిగిందో రాసి, పదింటికల్లా పత్రిక వెబ్‌సైటులో పెట్టేయడం. కొత్త ఆల్బములు, అవార్డులు, మూతపడ్డ స్టూడియోలు అన్నీ అయ్యాయి. ‘మనల్ని విడిచి వెళ్లినవారు’ అన్న శీర్షిక కింద మాత్రం డబ్లిన్ డ్రమ్ముల కళాకారుడొకడే అరపేజీ ఆక్రమించి ఉన్నాడు. జాబితా మరీ బోసిగా ఉందని ఆమెకు బెంగ పట్టుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆఫీసుకు వస్తూ, ఫిడేలు వాయించే మాటీ హోలోహన్ ఇంటి ముందు ఇరవై కార్లు చూసింది. గుమ్మంలో చర్చి ఫాదర్, ఆయన వెనకాల పళ్లేల నిండా హామ్ శాండ్‌విచ్‌లు. ఐర్లండ్ పడమటి జిల్లా క్లేర్‌లో పుట్టి పెరిగినవాళ్లకు, అది చావిల్లు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పాపం, ఎనభై నాలుగేళ్ల మనిషి! డెర్వ్‌లా కళ్లు తుడుచుకుని రెండు లైన్లు చేర్చింది.

నిజానికి అక్కడ జరుగుతున్నది ఇంటింటికీ వంతులవారీగా వచ్చే ప్రార్థన. ఈసారి వంతు మాటీది.

అది చూసి పదిన్నరకు స్థానిక రేడియో చావుకబుర్లలో మాటీ పేరు చదివింది. పన్నెండింటికి మూడు స్టేషన్లు ఆయన ఫిడేలు వినిపించాయి. మాటీతో ఇరవై ఏళ్లుగా మాటల్లేని మరో ఫిడేలు కళాకారుడు పాకీ కన్సిడైన్, పక్క ఊరి నుంచి రేడియోకు ఫోన్ చేసి బావురుమన్నాడు. “నాకన్నా వాడే బాగా వాయించేవాడు!” ఒంటిగంటకు మాటీ చెల్లెలు పత్రికకు ఫోన్ చేసింది.

“నిక్షేపంలాంటి మనిషిని చంపేశావు కదే!” అని ఎడిటర్ ఫిడెల్మా డెర్వ్‌లా మీద విరుచుకుపడింది. “వెళ్లి కాళ్లే పట్టుకుంటావో, ఇంకేం చేస్తావో నాకు తెలీదు. ఆయన ఫిర్యాదు చేశాడా, సోమవారం నుంచి నువ్వు ఆఫీసు మెట్లెక్కక్కర్లేదు.”

డెర్వ్‌లా మాటీ ఇంటికి పరుగెత్తింది. ఇల్లంతా పరామర్శకు వచ్చినవాళ్లే. మాటీని చూసి ఉలిక్కిపడి, ఎలాగూ తెచ్చాం కదా అని కేకులు బల్లమీద పెట్టి కూర్చుంటున్నారు. వాళ్లకు టీ పోస్తున్నది స్వయానా పోయిన మనిషే.

“తాతా, తప్పయిపోయింది. ఇప్పుడే సవరణ వేసేస్తా.”

“ఆగవే తల్లీ, తొందరేంటి?” మాటీ ఆమెను వంటింట్లోకి లాక్కెళ్లాడు. “పొద్దుట్నించీ నా ఫిడేలు మూడు రేడియోల్లో మోగింది. బతికుండగా ఒక్కసారైనా వేశారా? పాకీగాడు ఏమన్నాడో విన్నావా? నేనున్నానని తెలిస్తే ఆ ముక్క వెనక్కి తీసేసుకుంటాడు!”

“నా ఉద్యోగం పోతుంది తాతా.”

“ఏదీ, మీ ఎడిటరమ్మకి ఫోను కలుపు.” మాటీ గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నేనే, పోయినవాణ్ణి. మీ పిల్ల మీద ఫిర్యాదుంది.”

డెర్వ్‌లా ఫోను లాక్కోబోయింది.

“ఆ డ్రమ్ములవాడికి అరపేజీ ఇచ్చి, నాకు రెండు లైన్లా? ఈ పిల్లనే ఇక్కడ కూర్చోబెట్టండి, నేను చెప్తా, రాసుకుంటుంది. ఇంకొకళ్లు వస్తే తలుపు తియ్యను.”

డెర్వ్‌లా ఉద్యోగం నిలిచింది. సాయంత్రానికి సవరణ పూర్తి పేజీ వచ్చింది. మాటీ బతికే ఉన్నాడన్న సంగతి అందులో చిట్టచివరి లైను.

పాకీకి అంతదూరం చదివే ఓపిక ఏనాడూ లేదు.