కంటకేశ్వరి గారి నవలా, నెమలి బాబు సినిమా

ఒక పెద్ద అడవిలో, సినిమాలకి విడిగా ఒక గుహ కేటాయించుకున్నంత పెద్ద అడవిలో, నవలలు రాసే ముళ్లపంది ఉండేది. పేరు కంటకేశ్వరి. ఆవిడకి కలం కొనే బాధ లేదు. వీపు మీదికి చెయ్యి పోనిచ్చి ఒక ముల్లు పీక్కుని రాసేసేది. నవల పెద్దదైతే ఆ ఏడాది వీపు కాస్త బోసిగా కనిపించేది. "మేడమ్ ఏదో గట్టిదే రాస్తున్నట్టున్నారు" అని కుందేళ్లు సంబరపడేవి.

ఆవిడ నవల రావడం ఆలస్యం, సినిమా వాళ్లు గుమ్మంలో వాలిపోయేవాళ్లు. నిర్మాత ఎలుగుబంటి భల్లూకయ్య, దర్శకుడు ఊసరవెల్లి వర్ణమూర్తి, హీరో నెమలి బాబు.

సినిమా వాళ్లకి ఒక ఆచారం ఉంది. కథ తీసుకున్నాక దాని మీద కూర్చుంటారు. పుట్టతేనె, ఇప్పపూలు ముందు పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంటారు. లేచేసరికి కింద కథ మిగలదు.

ఒక ముసలి నత్త చెల్లెల్ని చూడ్డానికి వానాకాలమంతా నడిచి వెళ్లే నవల రాసింది కంటకేశ్వరి. చదివి అడవంతా కళ్లు తుడుచుకుంది. సినిమాలో ఆ నత్త కాస్తా లేడిపిల్ల అయింది, చెల్లెలు విలన్ అయింది, నడక ఛేజింగ్ అయింది. దారి మలుపు తిరిగినప్పుడల్లా నెమలి బాబు పురి విప్పి ఆడాడు. మౌనవ్రతం పట్టిన గుడ్లగూబ మీద ఇంకో నవల రాస్తే, దానితో పాటలు పాడించారు.

కంటకేశ్వరి ఊరుకునే రకం కాదు. చిలకల పత్రికలో వాళ్లని కడిగి పారేసింది. "పోస్టరు మీద నా పేరు వేస్తారు, నా కథని మాత్రం గుహ బయటే వదిలేస్తారు" అంది. అభిమానులు నెమలి బాబు కనిపించిన చోటల్లా పుచ్చకాయ తొక్కలు విసిరారు. కోపం తీరాక ఆవిడ ఆ సంగతి మర్చిపోయింది. సినిమా వాళ్లు మర్చిపోలేదు.

ఇంత పేరొచ్చినా ఆవిడకి ఒక కోరిక మిగిలే ఉంది. తల్లి సూదమ్మ కథ తెర మీదికి రావాలి. సూదమ్మకి చదువు రాదు. నవల చదివి వినిపిద్దామంటే రెండో పేజీకే గుర్రు పెడుతుంది. సినిమా అంటే మాత్రం పడి చస్తుంది.

కరువొచ్చిన ఏడాది సూదమ్మ రాళ్ల నేల తవ్వి దుంపలు తెచ్చి పిల్లలకి పెట్టేది. "నేను దార్లోనే తినేశాను" అనేది. తినలేదని కంటకేశ్వరికి అప్పుడే తెలుసు. ఆ సంగతి తల్లితో ఒక్కసారైనా అనాలని ఎంత ప్రయత్నించినా మాట ఇంకెటో మళ్లిపోయేది. ఆ ఒక్క సీను అమ్మ తెర మీద చూస్తే చాలు, ఇంక నోరు విప్పి చెప్పే పని ఉండదు అనుకుంది.

కానీ దుంపల కథ రాసిస్తే వీళ్లు ఏం చేస్తారో తెలిసిందే కదా. ఆలోచించి ఆలోచించి ఒక ఎత్తు వేసింది.

"ఏడిపించే కథ ఇస్తే గంతులేయిస్తున్నారు. గంతులేసే కథ ఇస్తే ఏడిపిస్తారు. మార్చకుండా ఉండలేరు పాపం" అనుకుని, జన్మలో రాయని చెత్తంతా పోగేసి రాసింది. అందులో సూదమ్మ కొండ పగలగొట్టుకుని బయటికొస్తుంది. పులిని ఎగిరి తన్నుతుంది. జలపాతం కింద పాట పాడుతుంది. కరువు మాటే లేదు, దుంప వాసనే లేదు. రాస్తున్నంతసేపూ కంటకేశ్వరికి తన ముళ్లు తనకే గుచ్చుకున్నాయి.

కథ మీద కూర్చునే రోజు వచ్చింది. ఆవిడ మొత్తం చదివి ఆపింది. నిర్మాత తేనె నాకడం మానేశాడు.

"మేడమ్, ఈ కథని ముట్టుకోం" అన్నాడు వర్ణమూర్తి, భక్తితో పసుపురంగుకి తిరిగి.

కంటకేశ్వరి కాగితాలు వాళ్ల ముందుకి తోసింది. "ముట్టుకోకపోతే ఎలాగండీ? కాస్త మార్చండి" అంది.

"అయ్యయ్యో, ఎంత మాట. పత్రికలో మీరు పెట్టిన చీవాట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఈసారి అక్షరం కదిపితే అడగండి" అన్నాడు భల్లూకయ్య.

"పోనీ ఆ పులి సీను తీసేసి, ఆ తల్లి ఏవో దుంపలు తవ్వుకుంటున్నట్టు..."

"మమ్మల్ని పరీక్షిస్తున్నారు" అని నెమలి బాబు కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత గొప్ప రచయిత్రి అయ్యుండి ఎంత అణకువో చూడండి. నాకు పాట తగ్గినా పర్వాలేదు, మేడమ్ రాసిందే తీద్దాం."

ఆవిడ ఎంత బతిమాలితే వాళ్లు అంత పొంగిపోయారు.

సినిమా ఉన్నదున్నట్టు వచ్చింది, గుహకి జనం విరగబడ్డారు. నవలని అక్షరం మార్చకుండా తీసిన సినిమా ఇంతవరకూ రాలేదని చిలకల పత్రిక మెచ్చుకుంది. కంటకేశ్వరి నవలల్లోకెల్లా ఇదే గొప్పదని పండితులు తేల్చారు. ఆవిడకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఒకరోజు మొదటి ఆటకి తల్లిని తీసుకెళ్లింది. సూదమ్మ రెప్ప వెయ్యకుండా చూసి, పులిని తన్నినప్పుడు ఈల వేసింది. ఆట అయ్యాక అందరూ వెళ్లిపోయినా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. కంటకేశ్వరికి ఏడుపు ఆగలేదు.

"అమ్మా, ఇది నీ కథ కాదే. కరువులో దుంపల సంగతి చూపిద్దామనుకున్నాను. నువ్వు తినకుండానే తిన్నానని చెప్పేదానివి చూడు, అది."

సూదమ్మ కూతురి వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసి కూడా మొత్తం తినేసేదానివా?"

"ఆకలేసేదమ్మా" అంది కంటకేశ్వరి, తల దించుకుని.

సూదమ్మ దగ్గరికి జరిగి, ముళ్లు గుచ్చుకోకుండా కూతురి మీద చెయ్యి వేసింది. "మంచి పని చేశావు. తినకపోతే నేను పడ్డ పాట్లన్నీ దండగయ్యేవి. అయినా ఆ పాడురోజులు మళ్లీ చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని మరీ రావాలా? రెండో ఆటకి కూడా కూర్చుందాం. నేను పులిని తన్నే చోట నువ్వు ఏడుస్తూ సరిగ్గా చూళ్లేదు."

నీతి: నిజం తెలిసినవాళ్లకి నిజం చూపించి టిక్కెట్టు అమ్మకూడదు.