ఏకగ్రీవంగా లేచిపోయిన బెంచీ

"వృద్ధ మహిళలు ఒప్పుకోనిదే ఇకపై ఈ ఊళ్ళో ఆకైనా కదలదు!" అని సంక్షేమాధికారి మైకు అదిరిపోయేలా ప్రకటించాడు. హాల్లో ఫ్యాన్లూ కదలడంలేదు. వాటికీ ఒప్పుదల అందలేదు కాబోలు!

ముందు వరసలో పన్నెండుమంది ముసలమ్మలు. చివరి కుర్చీలో కూడబలుకుల మామ్మ. బడి గడప తొక్కని మనిషి. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చింది, ఆ పేరూ అలా వచ్చిందే.

గుమాస్తా ఓ కాగితమూ, వేలిముద్రల సిరా డబ్బా పట్టుకొచ్చాడు. పదకొండు బొటనవేళ్ళు చకచకా నల్లబడ్డాయి. పన్నెండో వేలి దగ్గర బండి ఆగింది.

"ముందు చదవనీ నాయనా."

"చదవడానికేముంది మామ్మగారూ, మామూలు కాగితమే!"

"మామూలుదైతే తొందరగానే అయిపోతుందిలే."

అక్షరం కింద వేలు పెట్టి మొదలెట్టింది. "వీధి మలుపులోని సిమెంటు బెంచీ... వృద్ధ మహిళలకు అక్కర్లేదు గనక... కార్లు నిలుపుకునేందుకు తొలగించాలని... వారే ఏకగ్రీవంగా కోరారు."

మామ్మ వేలు అక్కడే ఆగింది. వీధి అటు చివరుండే ఆవిడ వదినగారి మోకాళ్ళు ఆ బెంచీ దాకా వస్తాయి, ఆపైన అడుగెయ్యవు. ఇటునుంచి మామ్మ ఆయాసానికీ అదే పొలిమేర. రోజూ నాలుగింటికి ఇద్దరూ కలిసేది అక్కడే. ఒకప్పుడు అయిదుగురు ఇరుక్కుని కూర్చునేవారు. ఇప్పుడు కాళ్ళు బారజాపుకునేంత చోటు! ఆ బెంచీ కూడా పోతే, వదిన బతికుండగానే దూరమైపోదూ?

"ఇలాగని ఎవరడిగారు బాబూ?"

"మీరే!" అన్నాడు అధికారి. "ఏకగ్రీవంగా!"

పక్కావిడ మోచేత్తో పొడిచింది. "పెట్టెయ్యవే తల్లీ, టీ చల్లారిపోతోంది!"

మామ్మ కలం అడిగి పుచ్చుకుంది. కాగితం మీద "నేను ఒప్పుకోను" అని రాసి, కింద సంతకం చేసింది.

వేదిక మీంచి అధికారి చప్పట్లు కొట్టాడు. "చూశారా, సంతకం! అభ్యుదయమంటే ఇదీ! ఫొటో తియ్యండయ్యా!"

మూడోనాటికి బెంచీ లేదు. ఆ చోట అధికారిగారి కారు సుఖంగా నిలబడి ఉంది. వీధి అటు చివర వదిన గుమ్మం పట్టుకుని చెయ్యి ఊపుతోంది. ఏదో అంటోంది, వినబడి చస్తేనా!

మామ్మ నాలుగుచోట్ల ఆగి, ఊపిరి కూడదీసుకుని ఆఫీసు చేరింది.

"బెంచీ ఎందుకు తీశారు బాబూ?"

"అదేంటి మామ్మగారూ, మీ సంతకం ఉందిగా!"

"పైన ఒప్పుకోనని రాశానుగా!"

అధికారి నిజంగానే విస్తుపోయాడు. "రాశారా? సంతకాలు లెక్కపెట్టేసరికే మాకు తెల్లారిపోతోంది, పైన రాసిందెవరు చదువుతారండీ?" అంతలోనే మొహం విప్పారింది. "అన్నట్టు, వచ్చేవారం వృద్ధుల ఒంటరితనం మీద సభ. మీరు తప్పకుండా రావాలి. మీ సంతకం ముత్యాలకోవలా ఉంటుంది!"