పదిమంది పట్టే మాను

ఒక పెద్ద అడవిలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ముందు డాక్టరుకి చూపించేవారు, ఆ తర్వాత వడ్రంగిపిట్టకి చూపించేవారు.

వడ్రంగిపిట్ట వైద్యం చేస్తుందని కాదు. బొమ్మలు చెక్కుతుంది. సభా మైదానంలో ఉన్న మద్దిమాను మీద సింహం మహారాజు గారు చేసిన మంచిపనులన్నీ దాని ముక్కుతోనే ఎక్కాయి. రాజుగారు చెరువులో పూడిక తీయించడం. రాజుగారు లేడిపిల్లని ఎత్తుకుని ముద్దాడటం. ఆ లేడిపిల్ల తర్వాత ఏమైందో మాత్రం బొమ్మలో లేదు. ఏ సాయమైనా చెట్టెక్కితేనే సాయమని ఆ అడవిలో ఆనవాయితీ.

ఉడత చారుమతికి ఈ సంగతి మొదట్లో తెలీదు. కుర్రది, చురుకైనది, ఎవరూ చెప్పకుండానే పని అందుకునే రకం. లెక్కల్లో దిట్ట. చింతకాయ కొమ్మ నుంచి నేల మీద పడేలోపు అందులో ఎన్ని గింజలున్నాయో చెప్పేసేది. చిన్నప్పుడే తల్లిని గద్ద తన్నుకుపోతే, చెట్టు కింద బొరియలో ఉండే ముళ్ళపంది కోటమ్మ ఆమెని పెంచింది. ఒంటి నిండా ముళ్ళు పెట్టుకుని పిల్లనెలా పెంచావని ఎవరైనా అడిగితే, "దూరం నుంచి తిట్టి పెంచాను" అనేది కోటమ్మ.

ఆ కోటమ్మత్తకి క్యాన్సర్ అని కొంగ డాక్టరు తేల్చాడు.

"భయపడకండి, మందుంది," అన్నాడు ఒంటికాలి మీద నిలబడి. "నల్లకొండ మీద ఎలుగుబంటి కాచే బెరడు కషాయం. ఆరు నెలలు తాగితే తగ్గిపోతుంది. కాకపోతే వచ్చే పౌర్ణమికి మొదలుపెట్టాలి. దాటితే నా చేతిలో లేదు."

"ఖరీదు?"

"నెలకి ఒక సొరబుర్ర. బుర్రకి ముప్పై బుట్టల ఇప్పపూలు."

చారుమతి తోక ఒకసారి ఆడింది. లెక్క అయిపోయింది. "నా సంపాదన నెలకి మూడు బుట్టలు. పది నెలలు నేను కష్టపడితే అత్త ఒక నెల బతుకుతుంది. బావుంది. మిగతా తొమ్మిది నెలలూ ఏం చేయమంటారు?"

"అందుకేగా పెద్దలు సహాయ నిధి పెట్టింది!"

నిజమే. మృగరాజ సహాయ నిధి ఒకటుంది. చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరూ ఏటా తమ శక్తి కొద్దీ అందులో ఇప్పపూలు వేస్తారు. దానికి సెక్రటరీ నక్క గోవిందం. ఆఫీసు గుహ నిండా పూలు మాగి ఉండటంతో అక్కడ అందరూ ఎప్పుడూ కాస్త మత్తులోనే ఉండేవారు.

"అయ్యో తల్లీ! కోటమ్మ గారికా?" గోవిందం కళ్ళొత్తుకున్నాడు. "ఆరు బుర్రలు మంజూరు. ఈ నిమిషమే చేసేశాను, ఫో."

ఇంత తేలికా అని చారుమతి ఆశ్చర్యపోయింది. "చాలా సంతోషమండీ. మరి ఇవ్వండి."

"ఏమిటి?"

"మందు."

"పిచ్చితల్లీ! మంజూరు చేయడం నా పని. ఇవ్వడం రాజుగారి పని. నిండు సభలో, స్వహస్తాలతో, వడ్రంగిపిట్ట వీరాచారి బొమ్మ చెక్కుతుండగా ఇస్తారు."

"సభ ఎప్పుడండీ?"

"పదిమంది అవగానే. మద్దిమాను చుట్టుకొలత చూశావుగా? రాజుగారి పక్కన పదిమంది రోగులు పడతారు. ఇప్పటికి మీ అత్తతో కలిపి ఆరుగురు. మధ్యలో అంత ఖాళీ వదిలితే రాజుగారికి ప్రజలు కరువైనట్టు ఉండదూ?"

"అంటే ఇంకో నలుగురికి క్యాన్సర్ వచ్చేదాకా ఆగాలా?"

"ఛఛ, అవేం మాటలు! రావాలని ఎవరు కోరుకుంటారు? వస్తే వద్దనం, అంతే."

"ఈలోపు ఉన్న ఆరుగురిలో ఒకరు పోతే?"

"అప్పుడు ఐదుగురవుతారు," అన్నాడు గోవిందం. లెక్కలు తనకీ వచ్చని చూపించుకున్నందుకు మురిసిపోయాడు.

చారుమతి చెట్టు చేరేలోపే ఉపాయం తట్టింది. జబ్బు ఉన్నవాళ్ళు చాలకపోతే లేనివాళ్ళని తేవాలి. తాబేలు బాబాయ్, అడవికోడి పిన్ని, ముంగిస, కోతి. ఊరికే నిలబడితే చాలు.

"సిగ్గులేదుటే?" అంది కోటమ్మ. "రాయిలా ఉన్నవాళ్ళని పట్టుకొచ్చి రోగులంటావా?"

"విను అత్తా. నలుగురొస్తేనే సభ. సభ జరిగితేనే మందు. పైగా ఆ నలుగురికీ ఆరేసి బుర్రలిస్తారు. ఇరవైనాలుగు. అవి మన ఆరుగురికీ పంచితే తలా నాలుగు నెలలు అదనం."

"ఆహా! దొంగతనం కూడా నీకు శేషం రాకుండా భాగారం అవుతుందే!" అని కోటమ్మ నవ్వేసింది. నవ్వింది కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంది చారుమతి.

తాబేలు ఒప్పుకుని నోరు మూసుకుంది. అడవికోడీ ముంగిసా కూడా మూసుకున్నాయి. కోతి నోటికి మాత్రం మూత లేదు. పొద్దు వాలేసరికి కొమ్మకొమ్మకీ ఒకటే వార్త. "రోగిలా నిలబడితే ఆరు బుర్రలు! బుర్ర ముప్పై బుట్టలు! నూట ఎనభై బుట్టల సరుకు!"

మర్నాడు గోవిందం ఆఫీసు ముందు తిరునాళ్ళే. తోడేలు కంట్రాక్టరు గుండె పట్టుకుని మూలుగుతున్నాడు. దుమ్ములగొండి దగ్గుతున్నాడు. గోవిందం బావమరిది కుంటుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్, క్యాన్సర్‌కి కుంటడమేమిట్రా?" అన్నాడు గోవిందం పళ్ళ మధ్య నుంచి.

"కొత్త కదా బావా. నేర్చుకుంటాలే."

నాలుగు ఖాళీలూ పూట తిరగకుండా నిండిపోయాయి. ఆ తర్వాత కూడా సిఫారసులు ఆగలేదు. అసలు రోగుల పేర్లు ఒక్కొక్కటే కొట్టేస్తూ పోతే ఐదో ఖాళీ అయింది, ఆరోదీ అయింది. ఆఖరికి పదిమందీ తేలారు. పదిమందీ గుండ్రాళ్ళలా ఉన్నారు. చారుమతి పరుగున వచ్చింది.

"మా అత్త పేరేదండీ?"

"ఏం చేయమంటావు తల్లీ, పోటీ పెరిగిపోయింది. తోడేలు గారి మూలుగు విన్నావా? కొండరాయి కరిగిపోతుంది. మీ అత్త మొన్న ఇక్కడికొచ్చి జోకులేసి వెళ్ళింది. రోగి అన్నాక ఒక పద్ధతుండాలి."

"జబ్బుందని డాక్టరు చెప్పాడు కదండీ!"

"డాక్టరు లోపలిది చూస్తాడమ్మా. బొమ్మలో పైదే పడుతుంది."

చారుమతి తోక వేలాడేసుకుని ఇంటికొచ్చింది.

"ఆరుకి నాలుగు కలిపావు," అంది కోటమ్మ. "పది రావాలి. ఆరూ ఎలా పోయాయే?"

జీవితంలో మొదటిసారి చారుమతికి లెక్క తప్పింది. ఆమె ముఖం చూసి కోటమ్మ గొంతు తగ్గించింది. "పోన్లేవే. ఏడవకు. నాకు మూలగడం నేర్పుదువుగాని, పైసారి ప్రయత్నిద్దాం." కానీ పైసారికి పౌర్ణమి దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు.

పౌర్ణమి రోజు పొద్దున్నే సభ. పదిమంది వరసగా నిలబడ్డారు. రాజుగారు ఒక్కొక్కరి నెత్తి మీద పంజా ఉంచి, తొలి నెల బుర్ర చేతికిచ్చారు. సభ చివర ఎలుగుబంటి బుట్టలతో కాచుకుని ఉన్నాడు, తన మందుని తనే సగం ధరకి తిరిగి కొనుక్కుందామని.

చారుమతి కోటమ్మని జనంలో కూర్చోబెట్టి వచ్చి వీరాచారి పక్క కొమ్మ మీద కూలబడింది. వీరాచారి విసుక్కుంటున్నాడు.

"ఇదేం బొమ్మమ్మా! అందరూ బుర్రలు పట్టుకుని నిలబడ్డారు. రేపు చూసినవాళ్ళు రాజుగారు కల్లు పోయించారనుకుంటారు."

చారుమతి తోక ఠపీమని లేచింది. "తాగుతున్నట్టు చెక్కు మావయ్యా. మొహంలో చేదు కనబడితే మందని తెలిసిపోతుంది."

వీరాచారి అసలే కళాకారుడు. "మహారాజా! తాగించండి!" అని అక్కణ్ణుంచే కేకేశాడు.

"భేష్! తాగండి!" అన్నారు రాజుగారు.

తోడేలు మూలుగు ఆపేశాడు. "ఇంటికెళ్ళి రేపు పరగడుపున పుచ్చుకుంటాం ప్రభూ."

"బొమ్మ ఇక్కడా, మీరు ఇంటి దగ్గరా? తాగండి!"

తాగారు. అది వేపాకునీ నేలవేమునీ కలిపి నూరినా రాని చేదు. తోడేలు మొహం వంకర్లు తిరిగిపోయింది. "కదలొద్దు!" అని అరిచాడు వీరాచారి. "గొంతులో ఉండగా పట్టుకోవాలి. ఇంకో గుక్క!"

ఇంకో గుక్కకి దుమ్ములగొండి రాజుగారి పాదాల మీదే వాంతి చేసుకున్నాడు. గోవిందం బావమరిది బుర్ర విసిరేశాడు. "నా వల్ల కాదు బావా! మహారాజా, నాకు క్యాన్సర్ లేదు!"

"నాకూ లేదు!" "నాకసలు జలుబు కూడా లేదు!" అంటూ మిగతావాళ్ళూ బుర్రలు వదిలేశారు. మందంతా నేలపాలైంది.

రాజుగారు గోవిందం వైపు చూశారు. గోవిందం ఊరికే సెక్రటరీ కాలేదు.

"మహాద్భుతం!" అని రెండు చేతులూ ఎత్తాడు. "రాజుగారి చేయి తగలగానే పదిమందికీ నయమైపోయింది! ఇక మందెందుకు? నిధెందుకు? ఇవాళ్టి నుంచి నిధి మూసేస్తున్నాం. మనకి ఆ చేయి చాలు!"

చప్పట్లు మోగాయి. రాజుగారు తన పంజాని తిప్పి తిప్పి చూసుకున్నారు. నిజమేనేమో అనిపించింది.

ఉన్న ఒక్క దారీ గోవిందం మూసేశాడు. చంద్రుడు రావడానికి ఒక్క పూటే ఉంది. చారుమతి కొమ్మ మీద గిరగిరా రెండు చుట్లు తిరిగి, గట్టిగా అడిగింది. "మహారాజా! అయితే ఒంట్లో బాగాలేనివాళ్ళంతా ఇప్పట్నుంచే మీ గుహకి రావచ్చా?"

"రావచ్చు! ఎవరైనా రావచ్చు!" అన్నారు రాజుగారు.

ఎవరైనా వచ్చారు. కాలునొప్పి ఏనుగు వచ్చింది. గజ్జి పట్టిన అడవిదున్న వచ్చింది. తామరున్న కోతి వంశం మొత్తాన్నీ వెంటేసుకుని వచ్చింది. వరస గుహ దగ్గర మొదలై ఏటి దాకా పోయింది. రాజుగారి పంజా వాచింది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి. మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. భోజనమంతా ఎదురుగానే ఉంది, కొవ్వు పట్టి, బొద్దుగా, వరసలో. కానీ వచ్చినవాళ్ళంతా దండాలు పెడుతుంటే తినడమెలా?

పొద్దు వాలుతుండగా చారుమతి కోటమ్మని తీసుకుని ముందుకొచ్చింది. వెనకే మిగతా ఐదుగురు అసలు రోగులు.

"మా అత్త, మహారాజా. గట్టిగా, వీపు మీద అదిమి పట్టాలి. మీ చేయి బాగా ఆనితేగానీ గుణం రాదట."

కోటమ్మ వినయంగా వంగింది. వంగుతూ ఒంటి మీద ముళ్ళన్నీ నిక్కబొడిచింది.

రాజుగారు ఒకడుగు వెనక్కి వేశారు.

"దారిలో మా అత్త తరఫు చుట్టాలు ఇరవై రెండు మంది వస్తున్నారు మహారాజా," అంది చారుమతి. "అందరికీ ఏదో ఒక నలత. మనిషికి రెండు చేతులూ వేస్తే నలభై నాలుగు. రేపు భోజనం వేళకి అయిపోతుంది. ఎల్లుండి మాత్రం నెమళ్ళు వస్తామన్నాయి."

"లెక్క ఆపు!" అని రాజుగారు గర్జించారు. "గోవిందం! తెరువు ఆ నిధి! ఎవరికే మందు కావాలో డాక్టరునడిగి వాళ్ళ గుమ్మం దగ్గరికే పంపు. ఇప్పుడే! ఒక్కడు కూడా నా గుహ ఛాయలకి రాకూడదు!"

"మరి బొమ్మ, ప్రభూ?"

"నువ్వు మోస్తున్నట్టు చెక్కమను!"

గోవిందం నల్లకొండకి పరిగెత్తాడు. ఆరుగురికీ తలో బుర్ర వీపున కట్టుకుని, ఒగరుస్తూ, బొరియ బొరియకీ తిరిగాడు. చంద్రుడు తొంగి చూసేసరికి కోటమ్మ మొదటి గుక్క మింగింది. ఆమె మొహంలో ఉన్న ముడతలన్నీ ఒకచోటికి వచ్చాయి.

"ఎలా ఉందత్తా?" అంది చారుమతి ఆత్రంగా.

"పాపం ఆ తోడేలు నటించాడనుకున్నానే. నిజంగానే ఇంత చేదా!"

నీతి: సాయం తొందరగా అందాలంటే రోగి ప్రాణం మీదికి వస్తే చాలదు, రాజుగారి భోజనం మీదికి రావాలి.